రాత్రి మేత

మా ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకున్న కాలం ఒకటుంది. పోయిన ఏడు శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నా కూరలో ఉప్పు తక్కువైందని తప్ప ఇంకో మాట అనని మా మామ జయరామప్ప కూడా ఆ మూడు నెలలూ కనిపించిన వాళ్ళందరికీ నా గొప్పే చెప్పుకుని తిరిగాడు. నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. నిద్రపోకపోవడం.

ఎందుకు నిద్ర పట్టలేదంటే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. అందరూ కారణమే అడిగారు. అత్తతో గొడవా? లేదు. మొగుడు తాగుతాడా? కాఫీ తప్ప ఏమీ తాగడు. కూతురు మంజుశ్రీ ఏడో తరగతి, బాగానే చదువుతుంది. ఆషాఢంలో ఒక రాత్రి బోరు మోటారు ఆపానో లేదో అని లేచి చూశాను. ఆపే ఉంది. వచ్చి పడుకున్నాను. మళ్ళీ అనుమానం, మళ్ళీ లేచాను. నాలుగు రోజులకు మోటారు పోయి గ్యాసు వచ్చింది. గ్యాసు పోయి తలుపు గొళ్ళెం వచ్చింది. గొళ్ళెం పోయి మా ఆయన నరేష్ బండి వచ్చింది. ఆయన మూకండపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రాయకోట పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బైకులో పోయి వస్తాడు. ఆ రోడ్డు నిండా లారీలే. మనిషి నా పక్కనే పడుకుని గురక పెడుతున్నా, నా కళ్ళకు మాత్రం ఆయన బండి లారీ కింద ఉండేది. గుండె దడదడా కొట్టుకునేది. అరచేతులు తడిసిపోయేవి. అట్లా తెల్లారేది.

మాది పట్టుపురుగుల ఇల్లు. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో అరల మీద అరలు. పురుగులు పాత చర్మం విడిచే ముందు మేత ముట్టకుండా, తల పైకెత్తి, ఒక రోజంతా కదలకుండా ఉంటాయి. మా వైపు దాన్ని జ్వరం అంటారు గానీ నిజానికి అది నిద్ర. రెండు జ్వరాలు దాటిన పిల్ల పురుగుల్ని తెచ్చుకుంటాం. మా షెడ్డులో ఇంకో రెండు జ్వరాలు దాటి, ఆ తర్వాత వారం రోజులు ఆబగా తిని, పండి, గూడు కడతాయి. ఆ ఇరవై రోజులూ ఇంటిల్లిపాదీ వాటికి ఊడిగం చేయాల్సిందే. పెళ్ళికి పోవడం లేదు, పేరంటానికి పోవడం లేదు. వాసన తగిలితే చస్తాయని దోమలబత్తి కూడా వెలిగించం. దోమలు మాత్రం హాయిగా మమ్మల్ని తిని బతుకుతాయి.

శ్రావణం మొదట్లో ఒకరోజు కరెంటు వచ్చే వేళకు తోటకు నీళ్ళు కట్టడానికి లేచిన మామ, అరుగు మీద కూర్చున్న నన్ను చూశాడు. ఇంకా తెల్లారలేదు.

"ఏమ్మా, ఈ పొద్దులో ఈడ కూర్చోనుండావు?"

"నిద్దర పట్టలేదు మామా."

"ఈ పొద్దేనా?"

"నెల దినాలాయె."

ఆయన కాసేపు ఆలోచించాడు. పెద్దమనిషి, ఏదైనా దారి చెప్తాడనుకున్నాను.

"ఎట్లా మేలుకోనే ఉంటావు గదా భువనమ్మా. రెండు గంటలప్పుడు పురుగులకు నాలుగు కొమ్మలు ఎయ్యరాదా? ఊరికే కూర్చోని ఏం జేస్తావు?"

పొయ్యి మీద పాలున్నాయి చూసుకో అన్నంత మామూలుగా అన్నాడు. అందులో కుళ్ళేమీ లేదు. నాకూ అప్పుడు తప్పనిపించలేదు. మంచం మీద పడి లారీలు చూసేకంటే షెడ్డులో పురుగుల్ని చూడటం నయమనుకున్నాను.

ఆ రెండు గంటల మేత అంతకు ముందు మా అత్త పుట్టమ్మది. మోకాళ్ళు పోయాక రెండేళ్ళ కిందట మానేసింది. పుట్టమ్మ నిద్రపోగా చూసినవాళ్ళు లేరని మా ఊర్లో చెప్పుకుంటారు. కొత్త కోడళ్ళకు బుద్ధి చెప్పడానికి ఆమె పేరు వాడతారు. ఇప్పుడు ఆ మేత నాకు వచ్చింది.

ఆ పంట బాగా వచ్చింది. గూళ్ళు కొనడానికి వచ్చిన శ్రీరామప్ప ఒక గూడును వేళ్ళ మధ్య నొక్కి చూసి, "గట్టిగుండాదప్పా! ఏం పెట్టినారు పురుగులకు?" అన్నాడు.

"మా కోడలి నిద్దర పెట్టినాము" అన్నాడు మామ.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే మామ ఇంకో వరస అరలు కట్టించాలని నరేష్‌తో చెప్పాడు. రెండు వరసలు మూడయ్యాయి.

ఆదివారం నరేష్ షెడ్డులో కొత్త అరలకు నైలాను తాళ్ళు బిగిస్తుంటే పోయి పక్కన నిలబడ్డాను.

"మూడో వరస వద్దని చెప్పండి మీ నాయనకు. నా చేత కాలేదు. తల తిరగతా ఉండాది. నిన్న పప్పులో ఉప్పు రెండు తూర్లు ఏసినాను."

"మేమేమన్నా అంటిమా? గమ్మున తింటిమి గదా."

"ఆట కాదు. నాకు భయమైతా ఉండాది."

"దేనికి?"

దేనికని చెప్పను? బండికని చెప్తే నవ్వుతాడు. మోటారుకని చెప్తే నాకే నవ్వొస్తుంది. ఆయన తాడు గట్టిగా లాగి ముడి వేశాడు.

"మాయమ్మ ముప్పై ఏండ్లు ఏసింది రాత్రి మేత. ఏమాయె ఆమెకు? రాయి మాదిరి ఉండాది."

చెడ్డవాడని నేననను. ఆ రాత్రే ఫోనులో ఏదో ఎక్కించాడు. దిండు పక్కన పెడితే వాన పడుతున్న చప్పుడొస్తుంది, నిద్ర ముంచుకొస్తుందట. ఆ వానకు ఆయన చక్కగా నిద్రపోయాడు. నాకైతే ఆ చప్పుడు కొత్తది కాదు. వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరికితే అచ్చం అట్లాగే ఉంటుంది. రెండు గంటలకు లేచి అసలు వాన దగ్గరికి పోయాను.

తల్లిగారింటి నుంచి గసగసాలొచ్చాయి, పాయసం చేసుకు తాగమని. పక్కింటామె తలకు ఆముదం పట్టించింది. ఎవరో తాయత్తు కట్టారు. పాయసం గిన్నె చూసి మా అత్త ఒక్కటే మాట అంది. "తాగు. గానీ దానికేం పట్టదులే." ఆమెకెట్లా తెలుసని నేను అడగలేదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం తోటలో కొమ్మలు కోస్తున్నాను. ఎండ కూడా లేదు, మబ్బుగానే ఉంది. ఉన్నట్టుండి గుండె మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఊపిరి లోపలికి పోలేదు. వేళ్ళు తిమ్మిరెక్కి కొడవలి జారిపోయింది. చచ్చిపోతున్నానని తెలిసిపోయింది నాకు. దేవుడు గుర్తు రాలేదు. మంజుశ్రీకి రేపు క్యారియరు ఎవరు కడతారని మాత్రం అనిపించింది. మా తోటకు ఆనుకుని టమోటా వేసిన ఆంజప్ప చూసి పరుగెత్తుకొచ్చి, టమోటా బుట్టలు దించేసి, తన టెంపోలో నన్ను రాయకోట ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఛాతీ మీద వైర్లు పెట్టి కాగితం తీశారు. కాగితం చూసిన నర్సు నా చెయ్యి పట్టుకుంది. "గుండె బాగుండాది అక్కా. ఇది మనసు దిగులు. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో బుధవారం బుధవారం డాక్టరమ్మ చూస్తాది. పోయిరా, పోకుండా ఉండొద్దు."

మొదటి మాట మాత్రమే మా ఇంటికి చేరింది. "ఏమీ లేదంట!" అని మామ వీధి వీధికీ చెప్పి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. ఆయన సంతోషం నిజమైనదే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏదైనా ఉందని తేలి ఉంటే పది రోజులు పడుకోనిచ్చేవాళ్ళు. ఏమీ లేని మనిషికి సెలవేముంది? ఆ రాత్రి రెండు గంటలకు మళ్ళీ కొమ్మల మోపు ఎత్తుకున్నాను.

బుధవారాలు ఒకటొకటే పోయాయి. ఒక బుధవారం షెడ్డుకు సున్నం కొట్టాలి. ఇంకో బుధవారం పిల్ల పురుగులొచ్చాయి. ఆ తర్వాతి వారం మూడో జ్వరం లేచి ఆకలి మీదున్నాయి. చివరకు ఒక బుధవారం పురుగులే నాకు సెలవిచ్చాయి. ఆ పొద్దున షెడ్డు తలుపు తీస్తే చప్పుడు లేదు. నాలుగో జ్వరం. మూడు వరసల అరల నిండా పురుగులన్నీ తల ఎత్తి, అలాగే ఉండిపోయాయి. జ్వరంలో ఉన్నవాటికి మేత వేయకూడదు. వాటిని చూస్తే నాకు కడుపు మండిపోయింది. ఏ జడ్జీ పెళ్ళాన్ని చూసినా, బంగారు గాజులు చూసినా నేనంత కుళ్ళుకోలేదు. అరంగుళం మందం లేని పురుగుకు ఇంత నిద్రా!

"కృష్ణగిరికి పోయొస్తా అత్తా" అన్నాను.

"పోయిరా. వంట నేను చూసుకుంటాలే" అంది ఆమె. ఎందుకని అడగలేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకంటే చిన్నది. మా వైపు ఆసుపత్రుల్లో నడిచే తమిళంలో అడిగింది, తమిళంలోనే చెప్పాను. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చూసుకుంటానా అని అడిగింది. చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా సూటిగా అడిగింది. లేదు, చచ్చిపోతానేమోననే భయం అన్నాను. రాసుకుంది. నిద్ర పట్టనప్పుడు ఏం చేస్తానంది. మేత వేస్తానన్నాను. ఎవరికి అంది. పురుగులకు అన్నాను. ఆమె రాయడం ఆపేసి నా మొహం చూసింది.

ఆ మేత మానాలంది. రాత్రి పదికి పడక, పొద్దున రోజూ ఒకే వేళకు లేవడం. పదే పదే చూసుకోవాలనిపిస్తే ఒకసారితో ఆపడం ఎట్లాగో నేర్పిస్తానంది. పది మాత్రలు ఇచ్చింది. వేసుకున్న రాత్రి పూర్తిగా పడుకోవాలని, రెండింటికి లేవడం కుదరదని, వచ్చేసారి ఇంటి మనిషిని వెంట తెమ్మని చెప్పింది. ఈ జబ్బు నా తప్పు కాదనీ, వైద్యముందనీ కూడా చెప్పింది. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చి ఆపుకోలేకపోయాను.

మాత్రలు తెచ్చి మెంతుల డబ్బాలో పెట్టాను. మరుసటి రోజుకు పురుగులు జ్వరం లేచాయి. ఇక చివరి వారం. మోపులకు మోపులు వేస్తే గంటలో పుల్లలు మిగిలేవి. రోజూ రాత్రి మెంతుల డబ్బా దగ్గర నిలబడేదాన్ని. మాత్ర వేసుకుంటే పురుగుకు పస్తు, మేత వేస్తే నాకు పస్తు. ఆరు రాత్రులూ మోపే ఎత్తుకున్నాను.

ఏడో రోజు సాయంత్రం మూడో వరసలో పురుగులు తలలు అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కి, చుట్టుకుపోయి, చీకటి పడేలోపు వరసంతా చచ్చిపోయాయి. అత్త ఒక కొమ్మ తీసి వాసన చూసి మామకిచ్చింది. టమోటాకు కొట్టే పురుగుమందు వాసన. మామ గట్టు మీదికి పోయి ఆంజప్పను కేకేశాడు.

"మందు కొట్టేటప్పుడు ఒక మాట చెప్పేదానికేమప్పా నీకు? నోరు లేదా?"

"చెప్పినానే! నిన్న మీ కోడలికే చెప్పినా. గట్టు పక్క మూడు సాళ్ళు పది దినాలు కోయొద్దమ్మా అంటే, సరే అనె."

అందరూ నా వైపు తిరిగారు. ఆంజప్ప చెప్పాడు. నేను తల ఊపాను. తెల్లారి సరిగ్గా ఆ మూడు సాళ్ళే కోసుకొచ్చి మూడో వరసకు వేశాను. కోసినట్టు కూడా నాకు గుర్తు లేదు. పట్టుపురుగుల ఇంట్లో చిన్నపిల్లలు కూడా చేయని తప్పు అది.

"చెప్పినాడు మామా. నేనే కోసినా. నాకు బుద్ధి నిలబడతా లేదు. నేను ఇంక ఈ పని చెయ్యలేను."

తిట్టాలని కోరుకున్నాను. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆయన చెయ్యెత్తినా బాధపడేదాన్ని కాదు. దీని చేతికి పురుగుల్ని ఇవ్వకూడదని ఒక్క మాట అంటే చాలు, బయటపడేదాన్ని. మామ చాలాసేపు చచ్చిన పురుగుల్ని చూశాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టాడు.

"పోనీలేమ్మా. ఒక వరసే గదా. దిగులు పడొద్దు. మిగిలిన రెండూ నీ చేతిలో పెట్టినా. రాత్రికి జాగ్రత్తగా చూసుకో."

అంత మంచితనం ముందు నేనేం మాట్లాడను? చచ్చిన పురుగుల్ని గంపలకెత్తి గుంటలో పోసి మన్ను కప్పాము. అన్నాలు తిన్నాము. అంట్లు తోమాక మెంతుల డబ్బా తీశాను. అత్త వంటింట్లోనే కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది.

"యాడిది?" అంది.

"కృష్ణగిరిది."

"ఏసుకుంటే?"

"నిద్దరొస్తాదంట."

"రెండు గంటల మేత?"

మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. ఏడున్నర. మంజుశ్రీ స్కూలు బస్సు ఎక్కేసింది. జుట్టు ముడేసుకోకుండానే షెడ్డుకు పరుగెత్తాను. ఆకలికి మలమల మాడే పురుగుల్ని చూస్తాననుకున్నాను. రెండు వరసల మీదా కొమ్మలు పరిచి ఉన్నాయి. అత్త బోర్లించిన గంప మీద కూర్చుని కాలు చాపుకుని ఉంది. మోకాలు వాచిపోయింది.

"అత్తా, నువ్వెందుకు ఏసినావు?"

"నేనెట్లా మేలుకోనే ఉంటి గదా."

నేను ఆమె కాలి దగ్గర కూర్చుని మోకాలు పట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నిద్దర పట్టిందా?"

"పట్టింది."

"ఎట్లుండె?"

ఎన్నడూ పోని ఊరి గురించి అడిగినట్టు అడిగింది.

"ఏమీ తెలీలేదత్తా. పడుకున్నా, లేసినా. నడమన ఏమీ లేదు."

"నడమన ఏమీ లేదా?"

"లేదు."

ఆమె పక్కనున్న కొమ్మ ఆకొకటి తెంపి వేళ్ళ మధ్య నలిపింది. "నరేష్ కడుపులో పడినప్పట్నుంచి నాకు లేదే అది" అంది. నరేష్‌కు ముప్పై ఎనిమిది నిండాయి. ముప్పై తొమ్మిదేళ్ళ లెక్క నా బుర్రకు ఎక్కేసరికి నా చేతులు ఆగిపోయాయి.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? పనిమంతురాలనిరి. సరే అంటి." నలిపిన ఆకు పడేసి, "ఇంకో మాత్ర ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది. గానీ ఇయ్యను. ఒకరి మాత్ర ఇంకొకరు మింగగూడదని డాక్టరమ్మ చెప్పింది. బుధవారం నాతో రా."

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" ఆమె అర పట్టుకుని లేచింది. "ఇన్నేండ్లూ పుట్టమ్మ కష్టజీవి అన్నోళ్ళు, ఇప్పుడు పుట్టమ్మకు రోగమంటే నాకేం మిగలతాదే?"

నాకు కోపం రావాల్సింది. జాలి కలిగింది. ఆ మాటలో నిజముందని భయం కూడా వేసింది.

తర్వాతి రాత్రులు ఇంకా అన్యాయంగా ఉన్నాయి. నేను మాత్ర వేసుకుంటే ఆమె మోకాలు. వేసుకోకపోతే నా గుండె దడ. నరేష్‌ను అడిగితే, "ఆరుకల్లా షిఫ్టు. రెండు దినాలే గదా, ఎట్లో సర్దుకోండి" అన్నాడు. ఒక రాత్రి ఆమె వేసింది, ఒక రాత్రి నేను వేశాను. పురుగులు పండాయి. ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వేస్తే గూళ్ళు కట్టడం మొదలుపెట్టాయి. షెడ్డులో చప్పుడు ఆగింది. నా తలలో ఆగలేదు.

బుధవారం పొద్దున నేను చీర మార్చుకుంటుంటే మామ బయట ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. వచ్చే శుక్రవారం దాటాక కొత్త పిల్ల పురుగులు దించమంటున్నాడు. మూడు వరసలకు. అత్త కొత్త చీర కట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"నువ్వు యాడికి?" అన్నాడు మామ.

"మోకాలు చూపించుకోను."

"రాయకోటలో చూస్తారు గదా."

"కృష్ణగిరిలో బాగా చూస్తారంట."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మోకాలికే వస్తోందని నేను కూడా నమ్మాను. ఆసుపత్రిలో చీటీల కౌంటరు దగ్గర వరస పొడుగ్గా ఉంది. కిటికీ వెనక కుర్రాడు నా పేరు, వయసు రాసుకుని చీటీ ఇచ్చాడు. నేను పక్కకు జరుగుతుంటే అత్త ముందుకొచ్చింది.

"నాకూ ఒకటి రాయప్పా."

ఆమె కుంటడం చూసి, మోకాళ్ళ డాక్టరుకు పక్క కౌంటరు అని అతను తమిళంలో చెప్పి చెయ్యి చూపించాడు. సంతలో బేరమాడేంత తమిళం ఆమెకు వచ్చు. కానీ తెలుగులోనే, వరసలో అందరికీ వినబడేట్టు చెప్పింది.

"మోకాళ్ళకు గాదు. నిద్దరకు. ముప్పై తొమ్మిదేండ్లాయె నాకు నిద్దర లేక."

వెనకున్న ఇద్దరు ముగ్గురు మెడలు చాచి చూశారు. కుర్రాడు వయసడిగాడు, ఊరడిగాడు, రాశాడు. ఆమె చీటీ తీసుకుని, తిప్పి చూసి, నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"ఏమని రాసినాడో చదువు."

"పుట్టమ్మ. అరవై ఒకటి. నిద్ర లేదు" అని చదివాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మా టోకెను నంబరు ఇంకా చాలా దూరంలో ఉంది. గోడ పక్క బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాము.

"ఇంకో తూరి చదువు" అంది.